బట్టలున్న దిక్కు

20 అక్టోబర్ 2024, ఆదివారం

సాగర్ ఇవాళ గంగ ఒడ్డున జెండాలు పాతాడు. ఒకటి ఎర్రది, రెండు పసుపువి. నా తమ్ముడు దుబాయ్‌లో ఏదో హోటల్ వాళ్ల బీచ్‌లో ఆరేళ్లు గొడుగులు విప్పి, టవళ్లు మడతపెట్టి వచ్చాడు కదా, అక్కడ చూసిందంతా ఇక్కడ దించుతున్నాడు. పసుపు జెండాల మధ్య స్నానం చేయొచ్చట. ఎర్ర జెండా దాటొద్దట. దేవవ్వ చిన్నమ్మ బట్టలు ఉతకడానికి పోతూ ఎర్ర జెండా చూసి, ఎవల మీటింగురా కొడుకా అని అడిగిందట. వాడు అన్నం తింటూ చెప్తుంటే నాకు పొలమారింది.

సముద్రం మాకెక్కడిది? మా ఊరి వెనక గోదావరి వంపు తిరిగిన చోట పెద్ద ఇసుక మేట ఉంది. గోదావరిని మా దగ్గర ఎవరూ గోదావరి అనరు, గంగ అంటారు. చుట్టూ తుమ్మలు, మనిషి కనపడడు. మంచిర్యాల నుంచి బైకుల మీద వచ్చి రీల్స్ తీసుకునేవాళ్లు దానికి బీచ్ అని పేరు పెట్టారు. పేరు పడ్డాక జనం మొదలయ్యారు. సాగర్ లైఫ్ జాకెట్లు, ట్యూబులు, రెండు కయాక్ పడవలు తెచ్చాడు. ఇది నడిస్తే మళ్లీ దుబాయ్ పోనని సృజనకు మాటిచ్చాడు. వాళ్ల పాప మొన్నటిదాకా వాణ్ని ఫోన్ డాడీ అనేది. ఇప్పుడు ఉత్త డాడీ అంటోంది.

అవ్వయితే వేములవాడ రాజన్న గుళ్లో కోడెను కడతానని మొక్కింది, కొడుకు ఇక దుబాయ్ పోవద్దని.

నేనూ ఆదివారాలు వచ్చి సాయం చేస్తానన్నాను. పీఈటీ టీచర్‌ని, విజిల్ ఎలాగూ మెడలోనే ఉంటుంది. అత్తగారింటి నుంచి తిరిగొచ్చిన ఆడబిడ్డ సెలవునాడు ఖాళీగా కూర్చుంటే ఊరు ఊరుకోదు కూడా.

23 అక్టోబర్

ఇవాళ ఒకటి చూశాను. నాకు అస్సలు నచ్చలేదు.

స్కూల్ నుంచి అటే పోయాను. సాగర్ నీళ్లలో ఉన్నాడు. పైన వానలు పడ్డాయి, కింద ప్రాజెక్టు గేట్లు లేపారట, గంగ నడుస్తోంది. వాడు దూకిన చోటి నుంచి కొంచెం కిందికి కొట్టుకుపోయాడు. అక్కడ నీళ్లు మోకాలి లోతు, లేచి నిలబడితే చాలు. నిలబడలేదు! వెనక్కి తిరిగి, నీళ్లకు ఎదురు ఈది ఈది, అంగీ ప్యాంటు విడిచిన చోటికే వచ్చి తేలాడు. ఇసుకలో బోర్లా పడి ఒగర్చాడు. కిందనే ఎక్కొచ్చు కదరా అంటే, బట్టలు ఈడున్నయి గదనే అక్కా అన్నాడు. పైగా నవ్వు.

నెత్తి మీద ఒకటి పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇది బాపు నేర్పిన ఈత.

ఊళ్లో సగం మంది మగవాళ్లకు ఈత నేర్పింది మా బాపు పోశమే, మా చేనుకాడి బావిలో. నడుముకు బెండు కట్టి లోపలికి తోసేవాడు. పిల్లలు గుడ్లు తేలేసి చేతులు కొట్టుకుంటుంటే, మెట్ల మీద విడిచిన బట్టలు చూపించి, బట్టలున్న దిక్కు ఈదురా, బట్టలున్న దిక్కు అని అరిచేవాడు. బట్టలను చూస్తే పిల్లలకు భయం పోయేది. బావికి అది బాగానే సరిపోతుంది. బావిలో నీళ్లు ఎటూ పోవు, బట్టలున్న చోటే మెట్లుంటాయి. గంగలో నీళ్లు ఒక్క చోట ఉంటాయా?

ఆడపిల్లనని నాకు నేర్పలేదు. నేను బీపీఈడీ చేసేటప్పుడు స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్నాను. గంగలో మాత్రం ఇప్పటికీ మోకాలి లోతు దాటి పోను. అందుకే వీళ్ల ధైర్యం చూస్తే ఒళ్లు మండుతుంది.

ఎప్పుడైనా సరే కింది రేవులో ఎక్కు అని చెప్పాను. దేవవ్వ చిన్నమ్మ వాళ్లు బట్టలు ఉతికే రేవు అది, నీళ్లు తమంతట తామే అటు ఒడ్డుకు తోస్తాయి. ఫికర్ జెయ్యకే, చిన్నప్పటి సంది ఈదుతున్న అన్నాడు.

27 అక్టోబర్, ఆదివారం

బీచ్ మొదలైంది. బాపు కొబ్బరికాయ కొట్టాడు. అవ్వ మిర్చీలు వేసింది. సృజన టోకెన్లు ఇచ్చింది. పాప అందరి చెప్పుల్లోనూ ఇసుక పోసింది.

జాకెట్ వేసుకొమ్మంటే ప్రతి ఒక్కరితో లొల్లే. జమ్మికుంట నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, నేను బావిల తలకిందుల దూకినోన్ని, నాకెందుకయ్యా గీ సంచి అన్నాడు. సాగర్ ఆయనకు దండం పెట్టి, బతిమాలి మరీ తొడిగాడు. జర మా కోసం ఏస్కోండ్రి కాకా అంటూ. ఇంత ఓపిక వీడికి ఎక్కణ్నుంచి వచ్చిందో, ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైతే ఇల్లు పీకి పందిరేస్తాడు.

వాడు మాత్రం వేసుకోలేదు. అడిగితే, నాకెందుకే అన్నాడు. ఆ జమ్మికుంట ఆయనకూ నీకూ ఏం తేడా అని మొహమ్మీదే అనేశాను.

28 అక్టోబర్

తలలో ఇంకా ఇసుక ఉంది. నిన్న అందరం సంతోషంగా ఉన్నాం. ఇలాంటివి కూడా రాసుకోవాలి.

5 నవంబర్

నా పోరు పడలేక సాగర్ ఇవాళ కింది రేవులో ఎక్కాడు. ఎక్కితే ఏమైంది? బట్టలు పైన ఇసుకలో ఉన్నాయి. కార్తీకం కదా, రేవు నిండా ఆడవాళ్లు. చెడ్డీ మీద వాళ్ల మధ్య నుంచి నడిచి రావాల్సి వచ్చింది. దేవవ్వ చిన్నమ్మ ఊరుకునే మనిషేనా, ఓ దుబాయి దొరా, ప్యాంటు గంగమ్మకు పెట్టుబడి వెట్టినవా అందట. ఒకావిడ తన తడి చీర ఇవ్వబోయిందట, కట్టుకొని పోరా బావా అని. ఈ కథ నాకంటే ముందే ఇంటికి చేరింది. అవ్వ నవ్వింది, సృజన నవ్వింది. నేనూ నవ్వాను. కడుపు పట్టుకొని నవ్వాను.

వాడు మాత్రం నవ్వలేదు. మళ్ల గీ పని జెప్పకు అక్కా, ఇజ్జత్ పోయింది అన్నాడు.

అయితే ఆ రేవులో ఒక తువ్వాల, ఒక లుంగీ పెట్టుకో, రాయి పెట్టి ఉంచు, ఎవరూ తీయరు అన్నాను. ఆ మాట నచ్చింది వాడికి. రేపు పెడతా అన్నాడు.

15 నవంబర్

కార్తీక పున్నమి. పొద్దు గూకేసరికి గంగ ఒడ్డంతా జనం. ఆకు దొప్పల్లో దీపాలు వదిలారు. నేను దీపాలు వెళ్లే దిక్కే చూస్తూ నిలబడ్డాను. అన్నీ కిందికే పోయాయి. కొన్ని ఆరిపోయాయి, మిగిలినవి ఒకదాని వెనక ఒకటి కింది రేవులోకి చేరి ఆగాయి. సాగర్‌కు చూపించాను. చూశావా, నీకంటే దొప్పలు నయం అన్నాను. వాడు ఫోన్ తీసి, రీల్‌కు మస్తుగున్నయే అని వీడియో తీసుకున్నాడు.

తువ్వాల పెట్టావా అని అడిగాను. యాది మర్చిన, గీ ఆదివారం గానీ అన్నాడు. ఆదివారానికి చాలా మంది ఫోన్ చేశారట. మనిషి వెలిగిపోతున్నాడు.

17 నవంబర్, ఆదివారం

సాగర్ ఇంకా ఒడ్డుకు రాలేదు.

20 నవంబర్

రాస్తాను. నోటితో చెప్పమని అందరూ అడుగుతున్నారు, నోరు రావట్లేదు.

కరీంనగర్ నుంచి ఒక జంట వచ్చింది, పెళ్లికి ముందు ఫోటోలు దిగడానికి. పిల్ల పొడుగు గౌనులో ఇసుక మీద నిలబడింది. పిలగాడి పేరు కరుణాకర్ అని తర్వాత తెలిసింది. ఫోటోలో బాగుండదని జాకెట్ విప్పేశాడు. కెమెరా అతను కొంచెం ఎనుకకు, ఇంకొంచెం ఎనుకకు అంటున్నాడు. నేను విజిల్ ఊదాను. మళ్లీ ఊదాను. పిలగాడు నా వైపు చూసి చెయ్యి ఊపి, ఎర్ర జెండా పక్క నుంచి ఇంకో అడుగు వేశాడు. అక్కడ నేల లేదు.

సాగర్ అంగీ, ప్యాంటు నా కాళ్ల దగ్గర విడిచి, ట్యూబ్ పట్టుకొని దూకాడు. జాకెట్ వేసుకోరా అని అరిచాను. విన్నాడో లేదో. పిలగాణ్ని అందుకున్నాడు. జుట్టు పట్టి పైకి లేపి, తల మీంచి ట్యూబ్ తొడిగాడు. అంతవరకూ ఎంత బాగా చేశాడంటే పక్కన ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ట్యూబ్ కిందికి పోయింది. నీళ్లు ఎటు తీసుకుపోతే అటు పోయి, కింది రేవులో ఆగింది. దేవవ్వ చిన్నమ్మ నడుముల్లోతు దిగి పిలగాణ్ని గుంజింది.

సాగర్ దాని వెంట పోలేదు. వెనక్కి తిరిగాడు. నా దిక్కు తిరిగాడు.

నన్ను చూసి కాదు. నా కాళ్ల దగ్గర వాడి బట్టలున్నాయి. వాడు అలసిపోయాడు, ఆ పిలగాడు వాణ్ని రెండుసార్లు ముంచాడు. కిందికి పో, కిందికి పోరా సాగర్ అని గొంతు పగిలేలా అరిచాను. చేతులు ఊపాను. చేతులు ఊపితే రమ్మంటున్నాననుకున్నాడేమో. తాడు విసిరాను, అందలేదు. ట్యూబ్ ఒకటి పట్టుకొని దిగాను, మెడలోతుకు పోయేసరికి కాళ్లు లేచిపోయాయి, ఎవరో నా జడ పట్టుకొని ఒడ్డుకు లాగారు. కయాక్‌లు రెండూ అవతలి ఒడ్డు దగ్గర ఉన్నాయి. వాడు ఈదుతూనే ఉన్నాడు. ఈదుతున్నాడు, ఉన్న చోటే ఉన్నాడు. చాలాసేపు ఉన్నాడు. వాడి మొహం నాకు బాగా కనపడింది. భయం లేదు మొహంలో, కొంచెం చిరాకు ఉంది, బస్సు అందనప్పటి చిరాకు.

తర్వాత నీళ్లే ఉన్నాయి.

సాగర్ ప్యాంటు జేబులో ఫోన్ మోగింది. సృజన. ఇంటి దగ్గర కూర వండి పెట్టింది, అన్నానికి వస్తున్నారా అని. ఎత్తాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

22 నవంబర్

గజ ఈతగాళ్లు దిగారు. బెస్తవాళ్లు వలలు వేశారు. కింద ప్రాజెక్టు దాకా వెతికారు. దొరకలేదు. ఇసుక తోడిన గుంతలు ఉన్నాయట అడుగున, వాటిలో పడి ఇసుక కప్పేసి ఉండొచ్చట. ఉండొచ్చు, ఉండొచ్చు. అందరూ ఉండొచ్చు అనే అంటున్నారు.

పోలీసులు జెండాలు పీకి జీపులో వేసుకున్నారు.

టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారట, అందరికి శకునం జెప్పే బల్లి కుడితిల వడ్డట్టు అయింది అని. నాకు ఎవరన్నారో తెలుసు. మా ఊరాయనే, మొదటి రోజు ఆయనకూ లైఫ్ జాకెట్ తొడిగింది సాగరే. పోయి ఆయన గల్లా పట్టుకుందామనుకున్నాను. వాకిలి దాకా పోయి తిరిగొచ్చాను. ఏం చేసినా ఏం లాభం.

మా దగ్గర దుబాయ్‌లో చచ్చిపోయినవాళ్లు కూడా ఇల్లు చేరతారు. ఆలస్యమైనా పెట్టెలో వస్తారు. అంబులెన్స్ ఊళ్లోకి వస్తుంటే చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు చూశానో. ఇంటి వెనక గంగలో పోయినవాడు మాత్రం రాలేదు.

24 నవంబర్, ఆదివారం

బాపు ఇన్నిరోజులూ మాట్లాడలేదు. వాకిట్లో గోలెం పక్కన కూర్చుంటాడు, నీళ్లలో చెయ్యి పెట్టి తీస్తాడు. ఇవాళ నన్ను పిలిచాడు. వాడు దూకినప్పుడు బట్టలు యాడున్నయి అని అడిగాడు. నా కాళ్ల దగ్గరే బాపూ అన్నాను.

గోలెంలోంచి చెయ్యి తీసి తువ్వాలకు తుడుచుకున్నాడు. మరి ఆ బట్టలు వట్టుకొని నువ్వు కిందికి ఉరికితే అయిపోతుండె గద బిడ్డా, వాడు బట్టల ఎంబడే వస్తుండె అన్నాడు.

నన్ను తిట్టడానికి అనలేదు. నిజంగానే లెక్క కట్టి, తోచింది చెప్పాడు. చెప్పాక ఏమన్నాడో ఆయనకే అర్థమైంది. తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. నీదేం లేదు, నేనే గద నేర్పింది, నేనే గద అని తువ్వాలలోంచే ఏడ్చాడు. నేను ఆయన పక్కనే నేల మీద కూలబడ్డాను. ఒకరినొకరు ఓదార్చుకునే ముఖం ఇద్దరికీ లేదు.

ఎంత తేలిక! రెండు గుడ్డలు చేతిలో పట్టుకొని ఉరకడం. రోజూ పిల్లలను గ్రౌండ్ చుట్టూ ఉరికించేదాన్ని. నాకు తట్టలేదు.

25 నవంబర్

తట్టలేదు.

27 నవంబర్

కరుణాకర్ వచ్చాడు, వాళ్లమ్మను వెంటబెట్టుకొని. పండ్లు తెచ్చారు. ఆమె అవ్వ కాళ్లు పట్టుకొని, నా కొడుకును నాకు పెట్టి నీ కొడుకును పోగొట్టుకున్నవు తల్లీ అని ఏడ్చింది. పెళ్లి వాయిదా వేశారట. ఎందుకు వేశారు, చేసుకోండి అన్నాను. కోపంగానే అన్నాను.

పిలగాడు తలెత్తలేదు. వాణ్ని అడగొద్దనుకుంటూనే అడిగాను, కింది రేవుకు ఎట్లా పోయినవు అని. నాకు ఈత రాదక్కా, ట్యూబు ఎటు వోతే అటు వోయిన అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. సృజన వచ్చి నన్ను లోపలికి తీసుకుపోయింది. ఈత రానివాడు బతికాడు, ఈత వచ్చినవాడు పోయాడు అని లోపల కూడా నవ్వుతూనే ఉన్నానట. తర్వాత ఏడ్చానట. సృజనే చెప్పింది.

29 నవంబర్

అవ్వ ఇవాళ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి అడిగింది. కొడుకు దుబాయి పోవద్దని మొక్కితి, పోలే, మరి రాజన్నకు కోడె కట్టాల్నా ఏందే అని. ఇంతలో పాప, డాడీ ఫోన్ ఎందుకు చేస్తలేడు అంది.

1 డిసెంబర్

కర్మ చేయించే అయ్యగారు వచ్చాడు. శవం దొరకనప్పుడు మోదుగాకులతో బొమ్మ చేసి, మనిషి ఆఖరిగా విడిచిన బట్టలు తొడిగి కాలుస్తారట. ఆ తర్వాతే దినాలు. బట్టలు ఎక్కడున్నాయని అడిగాడు. నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తెలియదని చెప్పాను.

మధ్యాహ్నం సృజన నా గదిలోకి వచ్చింది. పెద్దవాళ్లు పంపారనుకున్నాను. కాదు, తనే వచ్చింది. ఇయ్యి వదినా అంది. బొట్టు పెట్టుకుంటే ఊరు సూస్తున్నది, పెట్టుకోకుంటే అత్తమ్మ సూస్తున్నది, నేను ఏడ్సుడు మొదలువెట్టాలన్నా ఒక దినం గావాలె గద అంది. ఒక్క చుక్క కన్నీళ్లు లేవు తన కళ్లలో. నువ్వు దాస్తే ఆయన వస్తడా అని అడిగింది. తిట్టినట్టు కాదు, నిజంగా అడిగింది. వస్తడు అంటే నమ్మేలా ఉంది.

నాకంటే చిన్నది. నేను సిగ్గుపడ్డాను. రేపు ఇస్తానన్నాను.

రేపు పెడతా అని వాడూ అన్నాడు.

4 డిసెంబర్

అయిపోయింది. మోదుగాకుల బొమ్మ మరీ చిన్నగా ఉంది, వాడు ఆరడుగుల మనిషి. అంగీ ఇచ్చాను. నీలం గీతల అంగీ, చెమట వాసన ఇంకా ఉంది. బొమ్మకు అది లూజైంది. అయ్యగారు చేతులు మడిచి సర్దాడు.

ప్యాంటు దొరకలేదని చెప్పాను. సృజన నా మొహంలోకి చూసింది. గంగ ఒడ్డునే తనకు గాజులు తీశారు. అప్పుడు ఏడ్చింది, తుమ్మల అవతలి దాకా వినపడేలా ఏడ్చింది. ఏడవనీ అని దేవవ్వ చిన్నమ్మ ఎవరినీ దగ్గరికి పోనివ్వలేదు.

బాపు బొమ్మకు నిప్పు పెట్టి, స్నానానికి గంగలో దిగమంటే దిగలేదు. చెంబుతో నెత్తిన పోశారు. ఇంటికొచ్చేటప్పుడు మాతో రాలేదు. మీరు వోండ్రి, నేనొస్త అన్నాడు.

8 డిసెంబర్, ఆదివారం

పొద్దున కింది రేవుకు పోయాను. ప్యాంటు, తువ్వాల. వాడి ఫోన్ నిండా చార్జింగ్ పెట్టి ప్యాంటు జేబులో ఉంచాను.

గాలికి పోకుండా పెట్టడానికి రాయి వెతుకుతుంటే, ఒక రాయి కింద ముందే ఒక లుంగీ మడతపెట్టి ఉంది. బాపుది. పక్కనే పెట్టి వచ్చాను.